‘లెస్ట్’ పక్కన ‘షుడ్’ పెట్టని పాపానికి

ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఈ దేశంలో తప్పకుండా శిక్ష పడే నేరం ఏదని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెబుతాను: ‘లెస్ట్’ పక్కన ‘షుడ్’ పెట్టకపోవడం. చెరువు మింగినవాడికి బెయిలొస్తుంది. ఇసుక మింగినవాడికి టిక్కెట్టొస్తుంది. ‘వర్క్ హార్డ్ లెస్ట్ యూ విల్ ఫెయిల్’ అని రాసినవాడికి మాత్రం క్షమాభిక్ష లేదు. బ్యాంకు పరీక్షల్లో అయితే ఆ మార్కు రాకపోవడంతో పోదు, సంపాదించుకున్న దాంట్లోంచి పావు మార్కు కోస్తారు కూడా. ఆ పావు దగ్గర కటాఫ్ తప్పి, ఉద్యోగం తప్పి, దాదాపు కుదిరిన సంబంధం కూడా తప్పిన కుర్రాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు.

వాళ్లకు ఆ షుడ్ నూరిపోసినవాణ్ణి నేనే. కాబట్టి ఈ వ్యాసంలో ఎవరినైనా తిడితే అందులో నా వాటా నాకు ఉంచుకునే తిడుతున్నాను.

ఇంతకీ లెస్ట్ అంటే ఏమిటి? ఫలానాది జరుగుతుందేమోనన్న భయంతో, జరక్కుండా ఉండేందుకు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఇది మూడు మాటల గుంపు. జనం నోళ్లలో నాని నాని, ముందు మాట రాలిపోయి, వెనక మాట కరిగిపోయి, చివరికి ఇంత ముక్క మిగిలింది. జనం వాడుకుని అరగదీసిన మాట మీద ఇప్పుడు జనానికే హక్కు లేదు. షుడ్ లేకుండా ఊరికే ‘లెస్ట్ యూ ఫెయిల్’ అన్నా ఒప్పే. ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్లు హాయిగా అలా రాసుకుంటారు. మన గైడు ఒప్పుకోదు. లండన్ నుంచి ఎవరైనా పెద్దమనిషి వచ్చి మా పదో తరగతి పేపరు రాసి, షుడ్ లేని లెస్ట్ ఒకటి వదిలాడనుకోండి, నేను నిర్దాక్షిణ్యంగా ఎర్రగీత గీసేవాణ్ణి. కీలో ఉన్నదే వేదం. ఇంగ్లండు రాణి ఉన్నన్నాళ్లూ ఆవిడకైనా అంతే మార్కులు.

మా అమ్మ సంతకం తప్ప మరో అక్షరం రాయలేని మనిషి. పొద్దున్నే పొయ్యి మీద పాలగిన్నె పెట్టి పెరట్లోకి వెళ్తూ, "ఒరే, పాలు పొంగకుండా చూడు" అనేది. లెస్ట్ మొత్తం ఆ ‘కుండా’లో ఉంది. వానకు తడిసిన గచ్చు మీద పరిగెడితే "జారతావ్, మెల్లగా!" అనేది. ఇందులో కుండా కూడా లేదు. తగలబోయే దెబ్బను ముందు చెప్పి, తీసుకోవాల్సిన జాగ్రత్తను వెనక చెప్పేది, అంతే. ఇక బిందె ఎత్తబోతే, "మోయలేనంత ఎందుకు నింపావురా?" అనేది. ‘టూ తీసేసి సో దట్ పెట్టి తిరగరాయుము’ అని మేం ఆరు పీరియడ్లు గొంతు చించుకుని చెప్పే పాఠం మొత్తం ‘లేనంత’లో సర్దుకుపోయింది. ఇదంతా రెండేళ్ల పిల్లకు వచ్చు. ‘ఎత్తుకోలేనంత బొమ్మ’ అంటుంది, ‘నాన్న చూడకుండా’ చాక్లెట్ తింటుంది. అదే పిల్ల పదమూడేళ్లకు నా దగ్గరికొచ్చి ‘కీప్ ఎ వాచ్ ఆన్ ద మిల్క్ లెస్ట్ ఇట్...’ అని ఆగి, ఆకాశంలోకి చూసి, ‘షుడ్’ గుర్తు తెచ్చుకునేసరికి సగం పాలు స్టవ్ మీద ఉంటాయి.

ఈ కవాతు మనకు నేర్పిన గురువుల్లో ముఖ్యుడు రెన్. రెన్ అండ్ మార్టిన్‌లో రెన్. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బొంబాయి వైపు విద్యాశాఖలో ఉద్యోగం చేసి వెళ్లిన తెల్లదొర. ఆయనకు ప్రపంచంలో పేరు తెచ్చింది వ్యాకరణం కాదు, 1924లో వచ్చిన ‘బో జెస్ట్’ అనే నవల. ఫ్రెంచి ఫారిన్ లీజియన్‌లో చేరి, సహారా ఎడారిలో, తమది కాని జెండా కింద ఎండకు మాడుతూ కవాతు చేసే సిపాయిల కథ. మండు వేసవిలో రేకుల షెడ్డు కింద కూర్చుని ‘ఇన్ ఆర్డర్ దట్’ పక్కన ‘మే’, ‘లెస్ట్’ పక్కన ‘షుడ్’ అని వరసలో నిలబెట్టే మా తొమ్మిదో తరగతి పిల్లల్ని చూసినప్పుడల్లా, ఆయన రాసింది రెండు పుస్తకాలు కాదు, ఒకటే పుస్తకం రెండు భాగాలని నాకు అనుమానం వచ్చేది.

సరే, లెస్ట్ చిల్లర దొంగ. గజదొంగ ‘సో దట్’.

ఈ సో దట్‌కి రెండు ముఖాలు. ‘అందరికీ వినపడాలని గట్టిగా మాట్లాడాడు’ అన్నా సో దట్టే. ‘గట్టిగా మాట్లాడాడు, దాంతో అందరికీ వినపడింది’ అన్నా సో దట్టే. మొదటిది ఉద్దేశం, రెండోది ఫలితం. తేడా ఎట్లా పట్టుకోవాలి? ఉద్దేశమైతే వెనకాల మే, మైట్, కెన్, కుడ్, విల్, వుడ్... వీటిలో ఏదో ఒకటి తోకలా ఊగుతుంది. ఫలితమైతే తోక అక్కర్లేదు, ముందు ఒక కామా పడుతుంది. మనిషి అనుకున్నదానికీ, చివరికి జరిగినదానికీ మధ్య ఇంగ్లీషువాడు కట్టిన గోడ ఎత్తెంతో చూశారా? ఒక కామా అంత.

తెలుగు తక్కువ తిందని నేననను. ‘అందరికీ వినపడేట్టు మాట్లాడాడు’ అన్నామనుకోండి, వినపడాలనుకున్నాడా, నిజంగా వినపడిందా? ఆ ‘ట్టు’ గుట్టు విప్పదు. "ఎందుకొచ్చావ్?" అంటే వచ్చిన పని అడుగుతున్నాం. "ఎందుకేడుస్తున్నావ్?" అంటే కారణం అడుగుతున్నాం. మాట ఒకటే. విభక్తులు వల్లించిన రోజులు గుర్తు చేసుకోండి. కొఱకున్, కై అని ఉద్దేశానికి చతుర్థి. వలనన్, పట్టి అని కారణానికి పంచమి. మరి ఫలితానికి? దానికి ప్రత్యేకంగా ఒక విభక్తి ఇవ్వలేదు మన పెద్దలు. ఫలం మీద అధికారం లేదని గీతలో తేల్చేశారు కదా, వ్యాకరణంలో మాత్రం సీటు ఎందుకనుకుని ఉంటారు.

ఇదేదో పండితుల తగువని తీసిపారేయకండి. ఆ కామా మీద మనుషుల మెడలు వేలాడుతుంటాయి. ‘నాసిరకం సిమెంటు కలిపాడు, సో దట్ వంతెన కూలి పదిమంది పోయారు’ అనే వాక్యం ఉందనుకుందాం. ఉద్దేశంగా చదివితే అది హత్య: ఉరి లేదా యావజ్జీవం. ఫలితంగా చదివితే నిర్లక్ష్యం: 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు. పాత ఐపీసీ 304ఏ కింద రెండేళ్లే ఉండేది. మన కాంట్రాక్టర్లు ఏ బళ్లో ఇంగ్లీషు చదివారో తెలియదుగానీ కామా ఎక్కడ పెట్టుకోవాలో నాకంటే బాగా తెలుసు. "కూలాలని కట్టలేదండీ, కట్టాక కూలింది." ఎంత శుభ్రమైన ఫలితార్థక వాక్యం! అదే వంతెన ఖర్మకాలి నిలబడిందనుకోండి, శిలాఫలకం మీద ప్రతి అక్షరం ఉద్దేశమే. ప్రజల సౌకర్యార్థం. రాకపోకల సౌలభ్యం కొరకు. నిలబడితే వాళ్లు తలపెట్టింది, కూలితే దానంతటది జరిగింది.

ఇక ఆఫీసులకు వద్దాం. సర్కారు ఇంగ్లీషుకు ప్రాణప్రదమైన ముక్క ఒకటుంది: ‘సో యాజ్ టు ఎనేబుల్ దిస్ ఆఫీస్ టు టేక్ ఫర్దర్ నెసెసరీ యాక్షన్’. ఏ ఫైలు తెరిచినా ఈ ముక్క తగులుతూనే ఉంటుంది. తెలుగులో దీన్ని ‘తదుపరి చర్య నిమిత్తం’ అంటారు. ‘నిమిత్తం’ అనే మాటను ఏరి తెచ్చిన మహానుభావుడెవరోగానీ ఆయన కాళ్లకు దండం పెట్టాలి. కాగితం టైపు చేసినవాడు నిమిత్తమాత్రుడు, ఇనీషియల్ వేసినవాడు నిమిత్తమాత్రుడు, సంతకం పెట్టినాయన మరీ నిమిత్తమాత్రుడు. కర్త ఎవరయ్యా అంటే ఫైలు. ఫైలుకు కర్త ఎవరంటే పైనుంచి వచ్చిన మెమో.

డబ్బు ఖర్చయ్యాక యూసీ అని ఒకటి ఇస్తారు, యుటిలైజేషన్ సర్టిఫికెట్. హెడ్‌మాస్టర్ సెలవులో ఉన్నప్పుడు ఇన్‌చార్జిగా నేనూ కొన్ని రాసిచ్చాను. ఆ కాగితానికి గుండెకాయ లాంటి వాక్యం ఇది: మంజూరైన సొమ్మును ఏ ప్రయోజనం కోసం మంజూరు చేశారో ఆ ప్రయోజనానికే వినియోగించాం. సంతకం, స్టాంపు, శుభం. తెలుగులో ‘ప్రయోజనం’ అంటే ఉద్దేశమూ అవుతుంది, ఒరిగిన లాభమూ అవుతుంది. "ప్రయోజనం కోసమే ఖర్చుపెట్టారు సరే, ప్రయోజనం ఏమైనా కనపడిందా?" అని ఒక్క మాటతో రెండు వైపులా పొడవచ్చు. తెలుగులో ఇంత సౌకర్యం ఉంది కాబట్టే కాబోలు ఆ సర్టిఫికెట్లు ఇంగ్లీషులో ఇస్తారు.

ఢిల్లీకి ఈ సంగతి తట్టలేదని కాదు. 2005లో చిదంబరం ఆర్థికమంత్రిగా ఉండగా ‘ఔట్‌కమ్ బడ్జెట్’ అని మొదలుపెట్టారు. ఎంత ఖర్చయిందో చెబితే చాలదు, దానివల్ల ఏం ఒనగూరిందో కూడా చెప్పాలన్నారు. అంటే, స్వాతంత్ర్యం వచ్చిన 58 ఏళ్లకు సో దట్‌కి రెండో ముఖం ఉందని కనిపెట్టారన్నమాట. ఆ గాలి మా మండలం దాకా వచ్చేసరికి ఏమైందంటే, ‘సౌకర్యం కల్పించుటకు’ అని ఉన్నచోట ‘సౌకర్యం కల్పించబడును’ అని టైపు చేయడం మొదలుపెట్టారు. ఫలితం రాలేదుగానీ, క్రియకు భవిష్యత్తు వచ్చింది.

మా బడి వెనక ఒక మంచినీళ్ల ట్యాంకు ఉండేది. సిమెంటుది, నాలుగు కాళ్ల మీద దర్జాగా నిలబడేది. పక్కనే నీలంరంగు బోర్డు మీద విద్యార్థులకు సురక్షిత మంచినీటి సౌకర్యం కల్పించు నిమిత్తం ఇంత మొత్తంతో నిర్మించినట్టు రాసి ఉండేది. ట్యాంకు ఒక హెడ్డు కింద కట్టారు. బోరు నుంచి ట్యాంకుకు పైపు వెయ్యాల్సింది ఇంకో హెడ్డు కింద. ఆ రెండో హెడ్డుకు డబ్బు రాలేదు. ట్యాంకులోకి నీళ్లు ఎక్కలేదు, పావురాలు ఎక్కాయి. మూత సగం విరిగి ఉండేది కాబట్టి వాటి రాకపోకలకు ఇబ్బంది లేదు. మధ్యాహ్నం పూట క్లాసులో కూర్చుంటే, లెస్ట్ గురించి నేను చెప్పేదానికి అవి లోపల్నుంచి ఊఁ కొట్టేవి.

యూనిట్ టెస్టులో నేనో ప్రశ్న ఇచ్చాను. పిల్లలకు తెలిసిన వస్తువు మీద ఇవ్వాలని ట్రైనింగులో చెప్పారు కదా. ‘ట్యాంకు కట్టారు. విద్యార్థులు నీళ్లు తాగవచ్చు. ఈ రెంటినీ సో దట్‌తో కలుపుము.’ అందరూ ‘సో దట్ ద స్టూడెంట్స్ మే డ్రింక్ వాటర్’ అని కలిపేశారు. వెనక బెంచీ కుర్రాడొకడు, చొక్కా రెండో బొత్తాం ఎప్పుడూ ఉండేది కాదు, వాడు ఇలా రాశాడు: ‘ద ట్యాంక్ ఈజ్ సో డ్రై దట్ పీజన్స్ లివ్ ఇన్ ఇట్.’

సున్నా పెట్టాను. వాడు పేపరు పట్టుకుని బల్ల దగ్గరికొచ్చాడు.

"ఏరా, అడిగిందేంటి, రాసిందేంటి?"

"ఇంగ్లీషు తప్పా మాస్టారూ?"

"ఇంగ్లీషు ఒప్పే. ఉద్దేశం అడిగితే ఫలితం రాశావు."

"పిల్లలు తాగుతారని రాస్తే అబద్ధం కదండీ."

"తాగుతారని కాదురా, తాగడం కోసం అని."

"తాగనిదాన్ని తాగడం కోసం అని ఎట్లా రాయాలండీ?"

నాకు ఆ పూట ఇంకా నలభై పేపర్లు దిద్దాల్సి ఉంది. "‘మే’ పెట్టరా," అన్నాను. "మే పెట్టాక ఏదీ అబద్ధం కాదు."

వాడు కాసేపు నిలబడ్డాడు. తర్వాత నా పెన్నే అడిగి తీసుకుని, మార్జిన్‌లో ‘మే’ అని రెండుసార్లు రాసుకుని వెళ్లాడు. ముప్పై ఒక్క ఏళ్లలో నేను చెప్పినదాన్ని అంత శ్రద్ధగా రాసుకున్నవాడు మరొకడు లేడు.

ఇప్పుడు కాలం మారింది. సో దట్‌లోంచి దట్ రాలిపోయి, ఉత్త ‘సో’ ఊరేగుతోంది. దాన్ని మోసేవాళ్లు తెలుగువాళ్లే. యూట్యూబులో గుత్తొంకాయ చేసే అమ్మాయి, "సో ఫ్రెండ్స్, సో ఇప్పుడు మనం ఆయిల్ వేసుకున్నాం, సో ఆవాలు చిటపటలాడుతున్నాయ్" అంటుంది. నూనె వేయడం దేని ఫలితం? సినిమా ఫంక్షన్‌లో హీరో మైకు అందుకుని "సో..." అని ఆగుతాడు. ముందు ఏ వాక్యమూ లేదు, దేన్నుంచి దేనికి సో? అయినా జనం ఈలలు. మా మేనల్లుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్, వాడికి సో నామోషీ. వాడిది ‘హెన్స్’. "సర్వర్ డౌన్. హెన్స్ ప్లీజ్ డూ ద నీడ్‌ఫుల్" అని మెయిలు కొడతాడు. అవతలివాడు అంతకన్నా ఘనుడు, "దట్స్ వై ఓన్లీ ఐ టోల్డ్" అంటాడు. ఇందులో ‘ఓన్లీ’ మాత్రం నాకు ముద్దొస్తుంది. అది మన ‘అందుకే’లోని ‘ఏ’. పాపం, అన్నీ వదిలేసి ఇంగ్లీషులోకి దూకినా అది మాత్రం చెయ్యి వదల్లేదు.

మీడియం గొడవ సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తికాదని కొందరంటారు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 81వ నంబరు జీవోతో సర్కారు బడులను ఇంగ్లీషు మీడియంలోకి మార్చబోయింది, 2020 ఏప్రిల్లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ తన బడుల్లో 2022-23 నుంచి మొదలుపెట్టింది. టీవీల్లో రెండు పక్షాలూ గంటల తరబడి అరిచారు. పేదపిల్లలు ఎదగాలని ఒకరు, అమ్మభాష బతకాలని ఇంకొకరు. రెండోవారిలో చాలామంది పిల్లలు అప్పటికే కాన్వెంటులో చదువుతున్నారు, మొదటివారిలో కొందరికి ఆ కాన్వెంట్లే ఉన్నాయి. అందరి వాక్యాల్లోనూ సో దట్ ఉంది. కామా దాకా వెళ్లిన వాక్యం ఒక్కటీ నేను వినలేదు. టీవీ కట్టేసి పడుకున్నాను.

పోయిన ఏడాది నాకు కంట్లో శుక్లం తీశారు. బిల్లు రీయింబర్స్‌మెంట్‌కి పెట్టుకున్నాను. రెండుసార్లు తిరిగొచ్చింది: ఒకసారి ఒరిజినల్ బిల్లు జతచేయలేదని, ఒకసారి ఒరిజినల్ బిల్లే జతచేశారు జిరాక్సు లేదని. మూడోసారి వచ్చిన లెటరు ఇంగ్లీషులో ఉంది. మీకోసం తెలుగు అక్షరాల్లో దింపుతున్నాను: ‘ద ఇండివిడ్యువల్ ఈజ్ రిక్వెస్టెడ్ టు రీసబ్మిట్ ద ప్రపోజల్స్ ఇన్ ట్రిప్లికేట్ సో యాజ్ టు ఎనేబుల్ దిస్ ఆఫీస్ టు టేక్ ఫర్దర్ యాక్షన్, లెస్ట్ ద క్లెయిమ్ షుడ్ బీ ట్రీటెడ్ యాజ్ లాప్స్‌డ్.’ కింద సంతకం. ఆ సంతకంలో మొదటి అక్షరానికి కొట్టిన తోక చూడగానే గుర్తుపట్టాను. యూనిట్ టెస్టు పేపర్ల మీద పాతికసార్లు చూసిన తోకే.

కింద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను.

"మాస్టారూ! నమస్కారమండీ. కళ్లు ఎట్లా ఉన్నాయండీ?"

"కళ్లు బ్రహ్మాండంగా కనపడుతున్నాయిరా, నీ లెటరే చదువుతున్నాను. మూడు కాపీలు పంపితే డబ్బులొస్తాయా?"

ఒక్క క్షణం అవతల ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

"రావచ్చండి మాస్టారూ," అన్నాడు.

ఫోన్ పెట్టేసి, సొరుగులోంచి ఎర్ర పెన్ను తీశాను. కొత్త కంటితో ఆ లెటరు ఒకటికి మూడుసార్లు చదివాను. ఎక్కడా గీత గీసే చోటు దొరకలేదు. లెస్ట్ తర్వాత, ఉండాల్సిన చోట, షుడ్ ఉంది.